చాంబర్ ప్యాకింగ్ ఇంటి దగ్గరే మార్చుకోవడం ఎలా

పొద్దున కారు బయటికి తీశాక పార్కింగ్ నేల మీద అరచేతి వెడల్పు నల్లటి మరక కనిపించిందంటే, ఆఫీసుకు బయలుదేరే ముందు డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ మట్టం చూపే కడ్డీ) లాగి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉంటే కంగారు లేదు, శనివారం దాకా ఆగొచ్చు. కింది గీత కంటే తగ్గిపోతే మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకండి. మీ కారుకు వాడే గ్రేడ్ ఆయిలే తెచ్చి పోసి, మట్టం గీతల మధ్యకు వచ్చాకే కదపండి.

ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టిని పుస్తకాల్లో ఆయిల్ పాన్ అంటారు. బెంగళూరు గ్యారేజీల్లో, మన మదనపల్లె షెడ్లలో కూడా దాన్ని చాంబర్ అంటారు, గ్యాస్కెట్‌ను ప్యాకింగ్ అంటారు. షాపులో ఈ మాటలతో అడిగితే సులువు. చాంబర్ అంటే ఇంజిన్ అడుగున బోల్టులతో బిగించిన తొట్టి. ఇంజిన్ ఆయిల్ నిలువ ఉండేది అందులోనే. ఆ తొట్టికీ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య ఉండే పొరే ప్యాకింగ్. అది ఏళ్ల తరబడి వేడికి గట్టిపడి, పగిలి, ఆయిల్‌ను వదిలేస్తుంది. మన ఊళ్లో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. ఎత్తైన హంపులకు కారు అడుగు రాసుకుని చాంబర్ అంచు కాస్త వంగినా చాలు, అక్కడి నుంచి కారడం మొదలవుతుంది.

నేను బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాను. మూడేళ్ల కిందట మా కారుకు ఒక గ్యారేజీలో ఈ ప్యాకింగ్ మార్పించాను. నాలుగు నెలలు తిరగకుండానే మళ్లీ మరక పడింది. ఈసారి నేనే విప్పాను. పాత సిలికాన్‌ను గోకకుండా దాని మీదే కొత్తది దట్టంగా పూసి బిగించేశారు. లోపలికి పిండుకుపోయిన సిలికాన్ తెగి, ముక్కలు ముక్కలుగా ఆయిల్ పీల్చే జాలీకి అంటుకుని ఉంది. ఆ జాలీ పూర్తిగా మూసుకుపోతే ఆయిల్ పైకి ఎక్కదు, ఇంజిన్ పట్టేస్తుంది. ఆ కారులోనే పండక్కి అమ్మానాన్నలనూ పిల్లలనూ ఎక్కించుకుని హోస్కోటె, చింతామణి మీదుగా మదనపల్లె వెళ్లొచ్చాను. ఆ జాలీ చూశాక ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఈ పనిలో తొందర ఎందుకు పనికిరాదో చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

కారేది నిజంగా చాంబరేనా?

ఆయిల్ ఎప్పుడూ కిందికే జారుతుంది. పైన ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పై మూత) ప్యాకింగ్ పోయినా చివరికి చుక్క పడేది చాంబర్ అంచు నుంచే. ఆయిల్ ఫిల్టర్ వదులుగా ఉన్నా, ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర చెమ్మ వచ్చినా, ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు వాషర్ అరిగినా అంతే. చాలామంది చాంబర్ విప్పి శ్రమంతా పడ్డాక, కారుతున్నది పై నుంచని తెలుసుకుంటారు.

అందుకని ముందు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ వైపంతా బ్రేక్ క్లీనర్‌తో, పాత గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. తర్వాత చాంబర్ అంచు చుట్టూ, దాని పైభాగాన టాల్కమ్ పౌడర్ చల్లండి. పది పదిహేను కిలోమీటర్లు తిప్పి వచ్చి టార్చి వేసి చూడండి. పౌడర్ మీద తడి చార ఎక్కడ మొదలైందో, లీకు అక్కడే. చార పై నుంచి దిగి వస్తుంటే చాంబర్ జోలికి పోకండి. డ్రెయిన్ బోల్టు చుట్టూ మాత్రమే తడి ఉంటే కొత్త వాషర్‌తో పని అయిపోతుంది.

ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోట, కింది సందులోంచి ఆయిల్ వస్తుంటే అది క్రాంక్ వెనక సీల్ (ఇంజిన్ ఇరుసు చివర ఆయిల్‌ను ఆపే రింగు) అయ్యే అవకాశం ఎక్కువ. దానికి గేర్‌బాక్స్ దించాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

మరక రంగు కూడా చూడండి. ఎర్రగా ఉంటే ఆటోమేటిక్ గేర్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో కావచ్చు. పచ్చగానో గులాబీ రంగులోనో నీళ్లలా పలచగా ఉంటే కూలెంట్. ఏ రంగూ లేని మంచినీళ్లయితే ఏసీ నీళ్లు, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు.

మీ కారు దీనికి అనువైనదేనా

ముందు భాగం కింద టార్చి వేసి చూడండి. చాంబర్ బోల్టులన్నీ కనిపిస్తూ, సాకెట్ వెళ్లే చోటు ఉంటే సరే. సైలెన్సర్ ముందు పైపు అడ్డంగా పోతుంటే దాన్ని విప్పాల్సి రావచ్చు. ఆ బోల్టులు తుప్పు పట్టి విరుగుతుంటాయి కాబట్టి ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. చాంబర్ కింద ఇనుప దూలం (క్రాస్ మెంబర్) అడ్డంగా ఉండి, అది దించితే తప్ప తొట్టి బయటికి రాదనుకుంటే ఈ పని మంచి మెకానిక్‌కు ఇచ్చేయండి. అందులో తప్పేం లేదు. కింద చెప్పిన శుభ్రం సంగతి మాత్రం అతనితో మాట్లాడి, దగ్గరుండి చేయించుకోండి.

చాంబర్ దేనితో చేశారో కూడా చూసుకోండి. అయస్కాంతం అంటుకుంటే రేకు, అంటుకోకపోతే అల్యూమినియం. రేకు వంగుతుంది, మళ్లీ సరిచేయొచ్చు. అల్యూమినియం పగులుతుంది. పగులు కనిపిస్తే ప్యాకింగ్ మార్చినా లాభం లేదు, చాంబరే కొత్తది వేయాలి.

సామాను

టౌన్ హాల్ నుంచి మినర్వా సర్కిల్ దాకా సాగే జేసీ రోడ్డు మీద కారు స్పేర్లు దొరుకుతాయి. శనివారమే వెళ్లి రండి, ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. కౌంటర్ దగ్గర నిలబడగానే "యావ గాడి సార్?" అని అడుగుతారు. మోడల్ పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో ఏడాదిని బట్టి ఇంజిన్ మారుతుంది. ఆర్‌సీ ఫొటో ఫోన్లో ఉంచుకుని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు చూపించండి.

కొన్ని ఇంజిన్లకు రబ్బరు ప్యాకింగో, కార్క్ ప్యాకింగో రెడీమేడ్‌గా వస్తుంది. ఇప్పటి చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి అసలు ప్యాకింగే ఉండదు. కంపెనీలోనే ట్యూబు సిలికాన్ పూసి బిగిస్తారు, మనమూ అదే చేయాలి. కాబట్టి ప్యాకింగ్ లేదన్నారంటే షాపువాళ్లు మిమ్మల్ని పంపించేస్తున్నారని అనుకోకండి. ఇంజిన్ ఆయిల్‌ను తట్టుకునే ఆర్‌టీవీ సిలికాన్ అడగండి. మన వైపు అనాబాండ్ అన్నా అర్థం చేసుకుంటారు. బాత్రూమ్ టైల్స్‌కు వాడే సిలికాన్ మాత్రం వద్దు, అది వేడి ఆయిల్‌కు నిలవదు.

దాంతోపాటు కొత్త ఆయిల్ ఫిల్టర్, కొత్త డ్రెయిన్ వాషర్, మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ ఆయిల్, రెండు డబ్బాల బ్రేక్ క్లీనర్, ప్లాస్టిక్ గోకుడు బిళ్ల, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, పాత ఆయిల్ పట్టడానికి వెడల్పాటి టబ్బు తెచ్చుకోండి. చిన్న టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే పాన) తప్పకుండా ఉండాలి. 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య చూపించేది కావాలి. చక్రాల నట్లకు వాడే పెద్దది ఇక్కడ పనికిరాదు. పనిముట్లకు ఎస్‌జేపీ రోడ్డు దగ్గర్లోనే ఉంది.

జాక్ స్టాండ్లు లేకుండా కారు కిందికి దూరకండి

డిక్కీలో ఉండే కత్తెర జాకీ టైరు మార్చడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టకూడదు. ఇటుకలు, సిమెంటు హాలో బ్లాకులు కూడా వద్దు. బ్లాకు చూడటానికి గట్టిగానే ఉంటుంది, కానీ బరువు ఒక్క చోట పడితే ఉన్నట్టుండి పొడి అయిపోతుంది.

చదునైన కాంక్రీటు నేల ఎంచుకోండి. బేస్‌మెంట్ ర్యాంపు మీద చేయకండి. హ్యాండ్ బ్రేక్ వేసి, మొదటి గేర్‌లో పెట్టి, వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టండి. ట్రాలీ జాక్‌తో ముందు భాగం లేపి, మాన్యువల్‌లో చూపిన చోట రెండు స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదకు దించండి. కింద ఇంటర్‌లాక్ టైల్సో, మట్టో ఉంటే స్టాండు కింద మందపాటి చెక్క వేయండి. దూరే ముందు కారును పక్క నుంచి గట్టిగా కుదిపి చూడండి. కొంచెం కదిలినట్టు అనిపించినా దించి మళ్లీ పెట్టండి. మీరు కింద ఉన్నంతసేపూ ఇంట్లో ఒకరు బయట ఉండాలి.

శనివారం సాయంత్రం: ఆయిల్ దించడం

కారు లేపే ముందు ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపితే ఆయిల్ పలచబడి బాగా దిగుతుంది. తర్వాత ఆపి, సైలెన్సర్ పైపు తాకేంత చల్లబడే దాకా ఆగండి. కింద ప్లాస్టిక్ షీల్డ్ ఉంటే విప్పండి. టబ్బు పెట్టి డ్రెయిన్ బోల్టు తీయండి, పైన ఆయిల్ మూత కూడా తెరవండి. ఫిల్టర్ ఇప్పుడే విప్పేయండి.

ఆయిల్ పాల టీ రంగులో, నురగగా వస్తే అందులో కూలెంట్ కలిసిందని అర్థం. అది వేరే జబ్బు, ఈ పని అక్కడే ఆపండి. డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తటి బూడిద రంగు పొడి ఉండటం మామూలే. గోటికి తగిలే లోహపు ముక్కలు ఉంటే మెకానిక్‌కు చూపించండి.

ఇక్కడ ఒక రాత్రి వదిలేయమని నా సలహా. అరగంటలో ధార ఆగినట్టే కనిపిస్తుంది గానీ, ఇంజిన్ లోపలి గోడల నుంచి చుక్కలు గంటల తరబడి జారుతూనే ఉంటాయి. రేపు శుభ్రం చేసిన అంచు మీద అందులో ఒక్క చుక్క పడినా శ్రమంతా వృథా. తాళం చెవులు మీ దగ్గరే పెట్టుకోండి. "ఆయిల్ లేదు, స్టార్ట్ చేయొద్దు" అని కాగితం మీద రాసి స్టీరింగ్‌కు అంటించండి. మా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ అన్నకు కూడా చెప్పి పెడతాను, పిల్లలు అటు వెళ్లకుండా చూస్తాడు.

ఆదివారం పొద్దున: విప్పడం

చాంబర్ బోల్టులు చాలా కార్లలో 10 సైజు తల ఉన్నవే. పొడవులు మాత్రం ఒకటి కాకపోవచ్చు. అట్ట మీద చాంబర్ ఆకారం గీసి, ఏ చోటి బోల్టును ఆ చోట గుచ్చండి. నాలుగు మూలల్లో నాలుగు వదిలి మిగతావి తీయండి. గేర్‌బాక్స్ వైపు నుంచి చాంబర్‌లోకి బిగించినవి ఒకటో రెండో దాగి ఉండొచ్చు. చివరి నాలుగింటినీ సగం వదులు చేసి, రబ్బరు సుత్తితో పక్క నుంచి తట్టండి.

కదలకపోతే స్క్రూడ్రైవర్ దూర్చాలని చేయి లాగుతుంది. ఆగండి. స్క్రూడ్రైవర్ మొన బ్లాక్ అంచు మీద ఒక గీత పెట్టిందంటే ఆ గీతలోంచే ఎప్పటికీ ఆయిల్ కారుతుంది. పలచని వెడల్పాటి పుట్టీ బ్లేడును సందులోకి మెల్లగా తట్టి, సిలికాన్‌ను కోసుకుంటూ పోండి. కొన్ని చాంబర్లకు మూలన ఒక చిన్న పెదవిలాంటి చోటు ఉంటుంది, పైకెత్తే ఒత్తిడి అక్కడ మాత్రమే పెట్టాలి. తొట్టిలో ఇంకా కొంత ఆయిల్ ఉంటుంది, సమంగా దించండి.

ఇప్పుడు పైకి చూస్తే ఆయిల్ పీల్చే పైపూ, దాని చివర జాలీ కనిపిస్తాయి. జాలీలో పాత సిలికాన్, మడ్డి ఉంటే తీసేయండి. పైపు విప్పితే దాని ఓ-రింగ్ (రబ్బరు రింగు) కొత్తది వేయాల్సిందే.

అసలు పని ఇదే: గోకడం

మా పెదనాన్న మదనపల్లెలో లారీ షెడ్డు నడిపేవారు. చిన్నప్పుడు సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "గోరుతో గీసి చూడు నాయనా, ఏమన్నా తగిలిందంటే ఇంకా పనుందని అర్థం" అనేవారు. నేను ఇప్పటికీ అలాగే చూస్తాను.

ఈ ఒక్క దశకే గంట, గంటన్నర పెట్టుకోండి. బ్లాక్ అంచు అల్యూమినియం అయితే ప్లాస్టిక్ బిళ్లతోనే గోకండి. ఇనుప బ్లేడు వాడాల్సి వస్తే దాదాపు పడుకోబెట్టి, ఒత్తకుండా జరపండి. డ్రిల్లుకు బిగించే గరుకు బిళ్లలు వాడకండి. అవి అంచును అరగదీస్తాయి, ఆ పొడి పైకెగిరి బేరింగుల్లోకి చేరుతుంది. ఎమరీ కాగితం కూడా అంతే. బోల్టు రంధ్రాల్లో ఆయిల్ నిలవకుండా గుడ్డ మెలితిప్పి తుడవండి. రంధ్రంలో ఆయిల్ ఉంటే బోల్టు సరిగా కూర్చోదు.

చాంబర్‌ను పూర్తిగా కడిగి ఆరబెట్టండి. పెట్రోలుతో కడగకండి, అందులోనూ గాలి ఆడని బేస్‌మెంట్‌లో. బ్రేక్ క్లీనర్ ఆవిరి కూడా మంటకు అంటుకునేదే, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

రేకు చాంబర్ అంచును చదునైన గ్రానైట్ బండ మీద బోర్లించి చూడండి. వెనకటి వాళ్లు బోల్టులు అతిగా బిగించి ఉంటే రంధ్రాల చుట్టూ రేకు పైకి ఉబ్బి ఉంటుంది. చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి చదును చేయండి. లీకు తిరగబెట్టడానికి ఇదొక పెద్ద కారణం, అయినా దీన్ని చూసేవాళ్లు తక్కువ.

ఆఖరున రెండు అంచులనూ నూగు రాలని గుడ్డ మీద బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి. తెల్ల గుడ్డ తెల్లగానే ఉండే దాకా తుడుస్తూ ఉండండి. ఆ తర్వాత వేలితో తాకకండి.

పూయడం, బిగించడం

పూసే ముందు చాంబర్‌ను ఒట్టిగా ఒకసారి పైకెత్తి, ఏ కోణంలో దూరుతుందో చూసుకోండి. సిలికాన్ పూశాక ఎక్కడైనా రాసుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

సిలికాన్ రకమైతే ట్యూబు మొనను 3 మిల్లీమీటర్ల ధార వచ్చేలా కోసి, ఎక్కడా తెగకుండా ఒకే ధారగా చుట్టూ పెట్టండి. బోల్టు రంధ్రాలకు లోపలి వైపు నుంచి ధార నడవాలి. టైమింగ్ కవరూ (ఇంజిన్ ముందు మూత) బ్లాకూ కలిసే అతుకు దగ్గర, వెనక సీల్ అతుకు దగ్గర చిన్న బొట్టు అదనంగా పెట్టండి. అంతకు మించి వద్దు. ఎక్కువ పూస్తే బాగా పడుతుందని అనిపిస్తుంది గానీ, ఎక్కువైనదంతా లోపలికి పిండుకుని జాలీ దగ్గరికే చేరుతుంది.

రబ్బరు లేదా కార్క్ ప్యాకింగ్ అయితే ఒట్టిగానే వేయండి. కంపెనీ చెప్పిన అతుకుల దగ్గర మాత్రమే సిలికాన్ బొట్టు చాలు.

ట్యూబు మీద రాసిన సమయంలోపు, సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే, చాంబర్ ఎక్కించేయాలి. నేరుగా పైకి తీసుకెళ్లి, పక్కకు జరపకుండా, బోల్టులన్నీ ముందు వేళ్లతోనే తిప్పండి. తర్వాత మధ్య నుంచి రెండు చివరలకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. ఈ చిన్న బోల్టులకు మామూలుగా 8 నుంచి 12 న్యూటన్ మీటర్లు సరిపోతుంది, మీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. చేతికి ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. ఇంకో పావు చుట్టు తిప్పితే మంచిది కదా అనుకోకండి. రేకు ఉబ్బేదీ, అల్యూమినియం మరలు ఊడిపోయేదీ ఆ పావు చుట్టులోనే.

కొత్త వాషర్‌తో డ్రెయిన్ బోల్టు బిగించండి. కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి. ఆయిల్ మాత్రం ఇప్పుడే పోయకండి.

ఈ సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. బెంగళూరు వానాకాలంలో త్వరగా పడుతుంది, ఫిబ్రవరి, మార్చి పొడి గాలిలో కొంచెం ఆలస్యం. ట్యూబు మీద ఎంత రాసి ఉంటే అంత ఆగండి, వీలైతే 24 గంటలు. సోమవారం ఆఫీసుకు మెట్రోలో వెళ్లండి.

ఆయిల్ పోసి చూడటం

చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఫిల్టర్‌తో కలిపి సుమారు 3 నుంచి 3.5 లీటర్లు పడుతుంది. మాన్యువల్ చూసి, అందులో చెప్పిన దానికి పావు లీటరు తక్కువ పోసి ఆగండి. కారు స్టాండ్ల మీదే ఉండగా, గేర్ న్యూట్రల్‌లోకి మార్చి స్టార్ట్ చేయండి, కానీ కింద ఎవరూ ఉండకూడదు. ఎర్రటి ఆయిల్ దీపం కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఐదు నిమిషాలు ఐడిల్‌లో నడిపి, ఆపి, టార్చితో అంచంతా చూడండి. తర్వాత కారు దించి, చదునైన చోట పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూసి, తక్కువైనది కలపండి. పై గీత దాటనివ్వకండి.

వారం పాటు రాత్రిళ్లు కింద తెల్ల అట్ట పరచండి. కార్క్ ప్యాకింగ్ అయితే ఓ వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి టార్క్ సరిచూడండి. సిలికాన్ అయితే మళ్లీ బిగించకూడదు, గట్టిపడిన పొర తెగిపోతుంది.

ఇంత చేసినా నెలల్లోనే మళ్లీ చెమ్మ కనిపిస్తే పీసీవీ వాల్వు చూపించండి. అది మూసుకుపోతే ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి లేక, బలహీనంగా ఉన్న ప్యాకింగులన్నిటినీ నెడుతుంది. విప్పి ఊపితే గలగలమనే రకాలున్నాయి, ఆ శబ్దం లేకపోతే మార్చేయండి.

ఇక పాత ఆయిల్. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వాడేసిన ఆయిల్ కూడా వస్తుంది. మన వీధి కాలువలు రాజకాలువల్లోకి (పెద్ద వాననీటి కాలువలు), అవి చెరువుల్లోకి పోతాయి. బెళ్లందూరు చెరువు 2017లోనూ 2018లోనూ మంటలు అంటుకోవడం మనం చూశాం. ఒక్క గ్లాసు కూడా కాలువలో పోయకండి. మూత గట్టిగా ఉండే క్యాన్‌లో నింపి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్లో ఇవ్వండి. తీసుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. నేల మీద ఒలికిన చోట రంపపు పొట్టు చల్లి గంట ఆగి ఊడ్చి, ఆ పొట్టును విడిగా కట్టి ఉంచండి. కొత్త ఆయిల్ ఖాళీ డబ్బాకు మాత్రం పక్కన కత్తితో కోత పెట్టి పారేయండి. బాగున్న బ్రాండెడ్ డబ్బాలో కల్తీ ఆయిల్ నింపి అమ్మేవాళ్లున్నారు.